బుధు కొట్టిన అడవిపంది

నవీన్ అబద్ధమాడుతున్నాడని నూకరత్నానికి పదీ నలభైకల్లా తెలిసిపోయింది. ఏ ముక్క అబద్ధమో మాత్రం ఇంకా అందలేదు. అయినా ఆవిడ పద్ధతిలో అది సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి సాయంత్రం నాలుగు దాకా టైముంది. నాలుగింటికి నర్సు నిర్మలను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరవాత ఆ పిల్ల ఎన్నాళ్లు జైల్లో ఉంటుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

నూకరత్నం ఇరవై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా మోకాళ్లు అరిగిపోయి, ఉద్యోగానికో దండం పెట్టి, నర్సీపట్నంలో డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు కట్టుకున్న మనిషి. ఆవిడ ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తే, దొంగచాటుగా గుడ్లు పెట్టే కోడి కూడా లేచి ముందు నడుస్తూ దారి చూపిస్తుందని అక్కడి జనం చెప్పుకుంటారు. కోడి సంగతేమో గాని, బెంచీ మీద కూర్చున్న నవీన్ ఇప్పటికి మూడుసార్లు కాళ్లు మార్చాడు.

కూర్చున్నది పనసగెడ్డ ఆరోగ్య కేంద్రం వసారాలో. జరిగింది ఇదీ. నెలన్నర కిందట విశాఖపట్నం నుంచి జయశ్రీ అనే పరిశోధకురాలు ఈ కొండల్లోకి వచ్చింది. ఆసుపత్రికి వచ్చి వెళ్లిన రోగుల్ని ఇళ్ల దగ్గర కలుసుకుని, మీతో మర్యాదగా మాట్లాడారా, ఎంతసేపు కూర్చోబెట్టారు, మీ బాధ చెబితే విన్నారా అని అడిగి రాసుకోవడం ఆవిడ పని. నవీన్ ఆ సర్వేకి ఫీల్డ్ సూపర్‌వైజరు. శనివారం సాయంత్రం ఆరున్నరకు ఊరి కింద మలుపు దగ్గర, లోయలో, తల పగిలి పడి ఉన్న జయశ్రీని జీపు వాళ్లు చూశారు. ప్రాణం ఉంది, స్పృహ లేదు. ఘాటీ దింపి పెద్దాసుపత్రిలో చేర్చారు. నర్సుకీ ఆవిడకీ పడదని నవీన్ చెప్పడంతో ఆదివారం పొద్దున్నే నిర్మలను ప్రశ్నించడానికి స్టేషనుకు తీసుకెళ్లారు. సోమవారం ఆవిడ క్వార్టర్సులో పన్నెండు సర్వే ఫారాలు దొరికాయి. పన్నెండింటిలోనూ నర్సు తిట్టిందనీ, తోసేసిందనీ, మనిషిగా చూడలేదనీ ఫిర్యాదులు. అవి పైకి వెళితే ఉద్యోగం ఊడుతుందని నిర్మల వాటిని లాక్కుని, జయశ్రీని లోయలోకి తోసేసిందని కేసు.

కేసు రాసినవాడు ఎస్సై లక్ష్మీప్రసాద్. గుమ్మానికి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఈ స్టేషనుకు వచ్చి వారం కూడా నిండలేదు. ఇస్త్రీ మడత నలగకుండా బెంచీ మీద ఎలా కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాడు. ట్రైనింగులో ఉన్నప్పుడు పంచనామా ఎలా రాయాలో అతనికి నేర్పింది నూకరత్నమే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అందుకే ఇద్దరూ దాని మాట ఎత్తడం లేదు.

నూకరత్నం ఫారాల దొంతరలోంచి ఒకటి లాగింది. బుధు అనే రైతుది. పదకొండో తారీఖు, ఉదయం పదిన్నర, ఇంటి దగ్గర అని ఉంది. ఆ రోజు నవీన్ కూడా ఉన్నాడా అని అడిగింది. ఉన్నానన్నాడు. పక్కనే కూర్చున్నానన్నాడు. బుధు కాలికి కట్టుతో మంచం మీద కూర్చున్నాడట, చోడి అంబలి ఇచ్చాడట, ఆ కట్టు కట్టేటప్పుడు నర్సు ఎన్ని మాటలందో చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. జయశ్రీ రాసుకుందట. నవీన్ చెప్పేటప్పుడు ఎక్కడా ఆగలేదు. నిజం చెప్పేవాడు మధ్యలో ఆగి తల గోక్కుంటాడని నూకరత్నం నమ్మకం.

“దారిలో ఎవులూ ఆపనేదా బాబూ?”

“ఎవరాపుతారు మేడమ్? జీపు నేరుగా బుధు ఇంటి ముందే ఆగింది.”

ఆవిడ ఇంకేమీ అనకుండా ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టి, సంతకం చెయ్యమంది. చదువుకున్నవాడు కదా, అడక్కుండానే కింద తేదీ, టైము కూడా వేసి ఇచ్చాడు.

పదకొండూ పదికి క్వార్టర్సు తలుపు తీశారు. నూకరత్నం వెనకాలే దేముడమ్మ వచ్చింది. పనసగెడ్డ ఆశా కార్యకర్త. జీపు టాపు మీద కూర్చుని నర్సీపట్నం దిగొచ్చి, మా నర్సమ్మని విడిపించు అప్పా అని ఈ కేసు ఒళ్లో పెట్టింది ఆవిడే. వాళ్ల వెనక ఎస్సై. నూకరత్నం ఏదైనా ముట్టుకుంటుందేమోనని కాపలా.

ఒక్కటే గది. మంచం, స్టవ్వు, గోడకి ఎత్తుగా ఓ చెక్క. ఫారాలు ఆ చెక్క మీద దొరికాయి. నూకరత్నం మోకాలు తిట్టుకుంటూ స్టూలెక్కి చూసింది. పైన రేకుకి చిటికెనవేలు దూరేంత బెజ్జం. దాని కింద చుట్టిపెట్టిన క్యాలెండరు ఉబ్బి అరటిబోదెలా అయింది. పక్కనున్న నర్సు ట్రైనింగు సర్టిఫికెట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. చెక్క కూడా చేత్తో నొక్కితే చెమ్మ.

వాన ఎప్పుడు పడిందని అడిగింది. శనివారం రాత్రి, వడగళ్లతో సహా, ఎనిమిది నుంచి పది దాకా అని దేముడమ్మ చెప్పింది. అంతకు ముందు నెల రోజుల్లో చుక్క లేదు, ఆ తరవాతా లేదు.

“ఫారాలు యేటి మీదున్నాయి బాబూ? కవరుందా?” అని స్టూలు మీంచే అడిగింది.

“పంచనామాలో రాశాను కదా. క్యాలెండరు మీద ఉన్నాయి. కవరు లేదు.”

“సూడు మరి. నీ సేతిలో కాయితాలు పెళ్లికొడుకు సొక్కాలా పెళపెళలాడతన్నాయి.”

లక్ష్మీప్రసాద్ చేతిలోని ఫైలుని ఓసారి వేళ్లతో తడిమాడు. తడబడలేదు, అతను ఆవిడ శిష్యుడే కదా. వాన వెలిశాక ఆదివారం పొద్దున్న పెట్టి ఉంటుందన్నాడు. దానికి దేముడమ్మ జవాబిచ్చింది. శనివారం రాత్రి ఏడున్నరకు కాన్పు కేసు వచ్చింది. అప్పుడు గదిలోకి వెళ్లిన నిర్మల మళ్లీ బయటికి రాలేదు. తెల్లవారుజామున అయిదూ పదికి ఆడపిల్ల, రెండు కేజీల ఆరు వందల గ్రాములు, రిజిస్టరులో ఉంది. ఆరింటికి ఎస్సై గారి జీపొచ్చి ఆవిణ్ణి చేతులు కడుక్కోనివ్వకుండా ఎక్కించుకుపోయింది. వెనక తలుపుకి వెదురు కొక్కెం తప్ప తాళం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆ తలుపు పక్కన కుండీ దగ్గర కాళ్లు కడుక్కుంటూ నవీన్ కనిపించాడు కూడా.

“మీ దేముడమ్మ నర్సు మనిషి. ఆవిడ మాట కోర్టులో నిలబడదు,” అన్నాడు ఎస్సై. “ఫారాల్లో తొమ్మిది మంది మగాళ్లున్నారు, అన్నీ పదకొండో తారీఖువే. తొమ్మిది మందినీ నేనే అడిగాను. ఆ రోజు ఇంటి దగ్గరే ఉన్నామన్నారు, ఫారం మాదేనన్నారు. దానికేమంటారు మేడమ్?”

అంతలో ఫోన్ మోగితే మాట్లాడుతూ బయటికి పోయాడు.

నూకరత్నం దగ్గర ఉన్నదల్లా ఓ అనుమానం. దేముడమ్మ వైపు తిరిగి, మీ ఊళ్లో ఈ ఏడు ఇటుకల పండగ ఎప్పుడు చేశారని అడిగింది. ఆ పండగ చైత్రంలో వస్తుంది. రోజు ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకుంటుంది. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఊళ్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ వేసి, వచ్చే జీపునీ పోయే జీపునీ ఆపి ఆటపట్టిస్తారు. ఆ రోజుల్లో కలెక్టరు వచ్చినా దుంగ దగ్గర దిగాల్సిందే.

అంత పెద్ద పండగ ఎప్పుడు జరిగిందో దేముడమ్మకు గుర్తు రాలేదు. నేల వైపు చూస్తూ, గేపకం నేదప్పా అంది. పిల్ల పుట్టిన నిమిషం, గ్రాములతో సహా బరువు చెప్పిన మనిషి.

తనని పిలుచుకొచ్చిన మనిషే తన దగ్గర దాస్తోంటే ఇంక నమ్మడానికి మిగిలింది మోకాళ్ల నొప్పి ఒక్కటే అనుకుంది నూకరత్నం. బుధు ఇల్లు ఎటో చెప్పమంది.

బుధు ఇంటికి చేరేసరికి పన్నెండూ పావు. ఎస్సైని పనస చెట్టు కింద జీపులోనే ఉండమని ఒప్పించడానికి అయిదు నిమిషాలు పట్టింది. యూనిఫారం చూస్తే బుధు మళ్లీ అవునండీ అనడం తప్ప ఏమీ చెయ్యడు. వసారాలో కాలు చాపుకుని కూర్చున్న బుధుకి యాభై ఉంటాయి. చీలమండకి కట్టు. పక్కన భార్య చిట్టి మిరియాలు చేటలో పోసి చెరుగుతోంది. దేముడమ్మ స్తంభం చాటున నిలబడింది.

నూకరత్నం ఫారం బయటికి తియ్యలేదు. నర్సు పేరు ఎత్తలేదు. అరుగు మీద చతికిలబడి, మంచినీళ్లు తాగి, వాళ్ల తాత కొట్టిన అడవిపంది కథ ఎత్తుకుంది. ఆ పందిని మోయడానికి పద్నాలుగు మంది చాలలేదట. చివరికి దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట మీద అందరూ ఎక్కి కూర్చుని, దాని కొవ్వు మీదే జారుకుంటూ లంబసింగి నుంచి నర్సీపట్నం దాకా దిగిపోయారట. మలుపుల దగ్గర తోకతో బ్రేకు వేశారట. ఈ ఏజెన్సీ కొండల్లో ఆ తరవాత ఆపాటి పందిని కొట్టిన మగాడు పుట్టలేదని ముగించింది.

బుధు మొదట మర్యాదకి నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు. పద్నాలుగు మంది దగ్గర ఓసారి కదిలాడు. మగాడు పుట్టలేదు అన్న దగ్గర ఇంక తట్టుకోలేకపోయాడు.

“ఆ పంది మా పందికి పిల్లయి ఉంటాది,” అన్నాడు. “మేం కొట్టింది లెగిసి నిలబడితే పొద్దు కనబడనేదు. చీకటడిపోనాదని కోళ్లు గూట్లోకెల్లిపోనాయి.”

“అడివిలో కోళ్లేటి మాయ్యా?”

“అడివికోళ్లు. నా బాణం దాని ఆ సెవిలోంచి ఎల్లి ఈ సెవిలోంచొచ్చింది.”

“ఎప్పుడేటి? మీ తాత గుంటడై ఉన్నప్పుడా?”

“మొన్న. పండగ మూడోనాడు. శనివారం, పొద్దున్న అంబలి యేళకి, ఏడు కొండల అవతల.”

చేట ఆగిపోయింది. బుధు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అంటే జయశ్రీ లోయలో పడడానికి సరిగ్గా వారం ముందు శనివారం, పదకొండో తారీఖు. అంబలి వేళంటే పదిన్నర.

నూకరత్నం అప్పుడు ఫారం తీసి అరుగు మీద పెట్టింది. గొంతు తగ్గించి, ఇది నువ్వు చెప్పిందేనా అని అడిగింది. బుధు చాలాసేపు కట్టు సర్దుకున్నాడు. ఆ తరవాత చెప్పాడు. ఆ కాగితం చెప్పినట్టు తన ఇంటికి ఎవరూ రాలేదు, తను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొత్త ఎస్సై వచ్చి ఆ రోజు ఇంటికాడున్నావా అని అడిగాడు.

“ఉన్నానన్నాను. నేదంటే యెక్కడున్నావంటాడు. అడివిలో విల్లంబుతో ఉన్నానంటే అడివాపీసోళ్లు కేసెట్టరా? తొమ్మిది మందిమీ ఒకే మాటనుకున్నాం.”

“మీ మాటకి నర్సమ్మ జైలుకెల్తందని తెలవదా?”

“కాయితంలో యేటి రాసున్నాదో మాకు సదివి సెప్పనేదమ్మా. ఇంటికాడున్నావా, ఇది నీ పేరేనా అన్నాడు. నా పేరే కదా.”

నూకరత్నం స్తంభం వైపు చూసింది. దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. వాళ్లాయన కూడా ఆ తొమ్మిది మందిలో ఒకడు. మొగుడి కేసు ఒకవైపు, నర్సమ్మ కేసు ఒకవైపు పెట్టుకుని, రెండూ తప్పించే మనిషి కోసం ఈ పిచ్చిది నర్సీపట్నం దాకా వచ్చిందన్నమాట.

నిర్మల నిజంగా తిడుతుందా అని అడిగితే బుధు కొంచెం ఆలోచించాడు.

“తిడతాది. తాగొచ్చినావేటని తిడతాది. తిట్టినా సెయ్యేసి సూత్తాది. సెయ్యేసి సూసినోళ్లు మాకెవులున్నారు?”

ఈ మాట జయశ్రీ ఫారంలో ఏ గడిలోనూ పట్టదని నూకరత్నానికి తోచింది. అయితే ఈ సాక్ష్యం మేజిస్ట్రేటు దగ్గర చెప్పాలి అంది. బుధు తల అడ్డంగా ఊపాడు. అంత పందిని కొట్టినట్టు ఒప్పుకుంటే ఎన్నేళ్లు వేస్తారో అన్నాడు. అప్పుడు చిట్టి చేట పక్కన పెట్టింది.

“యే పంది?” అంది. “ఉడతనైనా తెచ్చినారేటి? దేముడమ్మప్పా, నీ ఫోను సూపించు.”

బుధు కట్టు కాలితోనే లేవబోయాడు. ఫోను వద్దన్నాడు. కావలిస్తే పంది కేసు పెట్టండి గాని అది మాత్రం వద్దన్నాడు. దేముడమ్మ అప్పటికే ఫోనులో ఆ రోజు వీడియో తెరిచేసింది.

వేటకి వెళ్లి వట్టి చేతులతో వచ్చిన మగవాళ్లకి ఆ ఊరి ఆడవాళ్లు చేసే మర్యాద ఒకటుంది. అదే ఆ వీడియో. పదకొండో తారీఖు, సాయంత్రం అయిదూ నలభై. దుంగ అవతల తొమ్మిది మంది మగాళ్లు దొంగల్లా నక్కి వస్తున్నారు. ఆడవాళ్లు పాట ఎత్తుకుని కుండలతో పేడనీళ్లు కుమ్మరించారు. అందరికంటే ముందు పరిగెత్తింది బుధు. రాయి మీద కాలు మెలిపడి చతికిలబడితే రెండో కుండ కూడా వాడి నెత్తినే పడింది. ఆ రెండో కుండ పట్టుకుని పగలబడి నవ్వుతున్నది, చీర మోకాళ్లదాకా ఎగ్గట్టిన జయశ్రీ.

పొద్దున్న ఎనిమిది నుంచి ఆ గుంట మాతోనే దుంగకాడ ఉన్నాదని చిట్టి చెప్పింది. కట్టు మర్నాడు నిర్మల కట్టిందట.

ఒంటిగంటా పదికి నూకరత్నం ఆ ఫోనుని జీపు బానెట్ మీద పెట్టింది. ఎస్సై వీడియో మూడుసార్లు చూశాడు. రెండోసారి నవ్వాపుకున్నాడు, మూడోసారి ఆపుకోవాల్సిన పని రాలేదు.

“పదిన్నరకి కట్టు మీద ఫిర్యాదు. కాలు మడతడింది అయిదూ నలభైకి,” అంది నూకరత్నం. “జయశ్రీ ఆ రోజు ఎవుల ఇంటికీ ఎల్లనేదు. నవీన్ ఎల్లినానని నా కాడ సంతకం పెట్టినాడు, కట్టు కూడా సూసినానన్నాడు. ఆసుపత్రి రిజిస్టర్లో పేర్లూ జబ్బులూ సూసి, ముందేసుకున్న టూరు తారీకులేసి, లాడ్జీలో కూకుని నింపినాడు. తొమ్మిదిళ్లకీ జీపెల్లిందంట. దుంగ సంగతే తెలవదు ఆ బాబుకి.”

“తెలివైన పనే,” అన్నాడు లక్ష్మీప్రసాద్. గొంతులో మెప్పు లేదు. “దొంగ ఫారాలు రాశాడని తేలింది. తోసింది ఎవరో దీంట్లో లేదు. మీరు హెడ్డుగా ఉన్నప్పుడూ ఇంతే. సగం కేసుతో వచ్చి మొత్తం మెడల్ అడిగేవారు. ముందు ఈ తొమ్మిది మంది మీద అడవి కేసు రాయించి అప్పుడు మాట్లాడతాను.”

“రాయించు. ఏటి కొట్టినారని రాత్తావు? పేడ కుండా?”

 నూకరత్నం గొంతు దించింది.

“తను రాయని ఫారాల మీద తన సంతకం సూసిన మనిషి ఏటి సేత్తాది ప్రసాదూ? ఎవుడు పెట్టినాడని అడుగుతాది. శనివారం సాయంత్రం అడిగే ఉంటాది. అడిగిన సోటు ఆ మలుపే అయ్యుంటాది. పైకి తెలిస్తే ఇక్కడే కాదు, వాడు ఇన్నాళ్లూ పంపిన సర్వేలన్నీ బయటడతాయి. తోసినోడెవుడో సెప్పాల్సింది ఆ పిల్ల. కళ్లు తెరిస్తే సాలు, నిర్మల బయటికొచ్చేత్తాది.”

లక్ష్మీప్రసాద్ మొహం మారింది. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. క్వార్టర్సులో ఉండగా వచ్చిన ఫోను పెద్దాసుపత్రి నుంచి అని, అప్పుడు చెప్పాడు. పదకొండింటికి జయశ్రీ కళ్లు తెరిచింది. మనుషుల్ని గుర్తుపడుతోంది. ఒకటి రెండు రోజుల్లో మాట్లాడుతుందని డాక్టరు అన్నాడు.

“నాకెందుకు సెప్పనేదు?”

“మీకెందుకు చెప్పాలి?”

“ఇంకెవులికి సెప్పినావు?”

నవీన్‌కి చెప్పానన్నాడు. ఫోను పెట్టేసేసరికి వసారాలో నవీన్ ఉన్నాడు. మేడమ్‌కి ఎలా ఉందని అడిగాడు. పాపం రెండు రోజులుగా తిండి కూడా తినడం లేదని చెప్పాడు. మంచి వార్తే కదా అని చెప్పేశాడు ఎస్సై. నవీన్ దండం పెట్టి, కొత్త బైకు ఎక్కి వెళ్లిపోయాడు. అప్పుడు పదకొండున్నర. ఇక్కడి నుంచి పెద్దాసుపత్రికి ఘాటీ దారిలో గంటన్నర. ఇప్పుడు ఒంటిగంటా ఇరవై.

ఎస్సై ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి వార్డు నర్సు ఎత్తింది. కంఠం చిన్నపిల్లది. జయశ్రీ గదికి వెంటనే కానిస్టేబుల్ని పెట్టాలని, ఎవరినీ లోపలికి వెళ్లనివ్వొద్దని ఎస్సై గబగబా చెప్పుకుపోయాడు.

“ఆవిడ బాగానే ఉందండీ, కంగారు పడకండి,” అంది ఆ పిల్ల. “ఇప్పుడే వాళ్ల అన్నయ్యగారు వచ్చారు. ఆయన్ని చూసి ఆవిడ లేవబోయింది కూడా. చెయ్యి ఊపింది. మాట రావడం లేదు కదండీ. ఇంటి విషయాలు మాట్లాడుకోవాలి, కాసేపు బయట ఉండమన్నారు. తలుపు లోపల గడియ పెట్టుకున్నారు.”

ఎస్సై ఫోను వైపు చూస్తూ, ఎవరితోనో కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

“ఆవిడకి అన్నల్లేరు. స్టేట్‌మెంటుకి వాళ్లమ్మ వచ్చినప్పుడు నేనే రాసుకున్నాను. ఒక్కతే కూతురు.”

నూకరత్నం ఫోను లాక్కుంది.

“అమ్మా, నీ పేరేదైనా సరే, ఇను. ఆడు అన్న కాదు. ఆ పిల్లని సంపడానికొచ్చినోడు. మనుసుల్ని కేకేసి తలుపు బద్దలు కొట్టించు. బేగి.”

అవతల చిన్న కేక. తరవాత ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు. పరిగెత్తే చెప్పుల చప్పుడు. ఎవరినో పిలుస్తున్న ఆ పిల్ల గొంతు, ఇంకో రెండు గొంతులు, ఆ తరవాత తలుపు మీద పిడికిళ్లు. లక్ష్మీప్రసాద్ అప్పటికే జీపు స్టార్టు చేశాడు. నూకరత్నం మోకాలి సంగతి మరిచి ఎక్కి కూర్చుంది. ఫోను చెవికి అదుముకునే ఉంది.

తలుపు బాదుతూనే ఉన్నారు. గదిలోంచి మాత్రం ఏ జవాబూ లేదు.